బైకుపై తొలిసారి దేశం దాటాలంటే: ఇంజిన్ కంటే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఉత్తరప్రదేశ్‌లోని సునౌలీ దగ్గర భారత్-నేపాల్ సరిహద్దు గేటు ఉంటుంది. హైదరాబాద్ నుంచి నాగ్‌పుర్, జబల్‌పుర్, వారణాసి, గోరఖ్‌పుర్ మీదుగా అక్కడికి దాదాపు 1,500 కిలోమీటర్లు. నాలుగైదు రోజులు బండి నడిపి అక్కడికి చేరిన వారిని అవతలి కస్టమ్స్ సిబ్బంది అడిగే ప్రశ్నలు రెండే. బండి ఎవరిది? ఎప్పుడు తిరిగి వెళ్తుంది?

బండి ఎన్ని సీసీలది, కొత్త టైర్లు వేశారా, జాకెట్ ఏ కంపెనీది అని ఎవరూ అడగరు. తొలిసారి విదేశీ బైకు యాత్రకు బయలుదేరే చాలామంది మాత్రం నెలల తరబడి ఆలోచించేది వీటి గురించే. కాగితాల సంగతి ఆఖరి వారంలో చూసుకోవచ్చులే అనుకుంటారు. నిజానికి లెక్క తిరగబడి ఉండాలి. బండిని సిద్ధం చేయడానికి రెండు, మూడు వారాలు చాలు. దేశాన్ని ఎంచుకోవడానికి, కాగితాలకు, బీమాకు నెలలు పడుతుంది.

మనిషి సరిహద్దు దాటితే ప్రయాణికుడు. బండి సరిహద్దు దాటితే సరుకు. దిగుమతి సుంకం కట్టకుండా లోపలికి వచ్చిన సరుకు మళ్లీ బయటకు వెళ్తుందన్న హామీని ప్రతి దేశమూ ఏదో ఒక రూపంలో అడుగుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే మిగతా ఏర్పాట్లన్నీ ఎందుకో తేలిగ్గా బోధపడతాయి.

ఏ దిక్కు తెరిచి ఉంది?

మ్యాప్‌లో చూస్తే భారత్ నుంచి అన్ని వైపులా రోడ్లున్నాయి. అయితే వాటిలో ఎన్నింటి మీద బండి వెళ్లగలదో నిర్ణయించేది రాజకీయాలే.

పడమర వైపు పాకిస్తాన్‌తో రోడ్డు మార్గం అటారీ-వాఘా. పహల్గామ్ దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో అటారీ చెక్‌పోస్టును భారత్ మూసేసింది. ఇరాన్, తుర్కియేల మీదుగా యూరప్ వెళ్లాలనుకునేవారు బండిని ఓడలోనో, విమానంలోనో గల్ఫ్ వైపు పంపి అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

తూర్పున మణిపుర్‌లోని మోరే నుంచి మియన్మార్ మీదుగా థాయ్‌లాండ్‌లోని మే సోట్ వరకు సుమారు 1,360 కిలోమీటర్ల త్రైపాక్షిక రహదారి చాలా కాలంగా నిర్మాణంలో ఉంది. 2018లో జయభారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి బైకులపై బయలుదేరి మియన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాంలలో తిరిగి వచ్చారు. 'రోడ్ టు మెకాంగ్' పేరుతో సాగిన ఆ యాత్ర దూరం 17,000 కిలోమీటర్లు. 2021 ఫిబ్రవరిలో మియన్మార్‌లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకుంది. తర్వాత అంతర్యుద్ధం ముదిరింది. 2023 మే నుంచి మణిపుర్ కూడా హింసతో అట్టుడికింది. ఆ దారిని ఇప్పుడు తొలి యాత్రకు ఎంచుకోవడం సాహసం కాదు, తెలివితక్కువతనం.

ఉత్తరాన నేపాల్ మీదుగా టిబెట్‌లోకి వెళ్లే దారిలో చైనా ప్రభుత్వ అనుమతులు, స్థానిక ఏజెన్సీ, గైడ్ తప్పనిసరి. ఖర్చు భారీగా ఉంటుంది. పైగా ఆ దారిలో ఉన్న రసువాగఢీ వంతెన 2025 జులైలో భోటేకోసి వరదకు కొట్టుకుపోయింది.

పొరుగు దేశాల మధ్య వాహనాలు సులువుగా తిరిగేందుకు బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ 2015 జూన్‌లో థింపూలో మోటారు వాహనాల ఒప్పందంపై సంతకాలు చేశాయి. మరుసటి ఏడాది భూటాన్ ఎగువ సభ దాన్ని తిరస్కరించింది. సొంత బండితో నాలుగు దేశాలూ చుట్టి రావచ్చన్న ఆశ అలాగే మిగిలిపోయింది.

2006లో విశాఖపట్నం నుంచి భరద్వాజ దయాల ఒక్కరే కరిజ్మా బైకుపై ప్రపంచయాత్రకు బయలుదేరారు. ఏడాదిన్నరలో దాదాపు 47,000 కిలోమీటర్లు తిరిగి ఇంటికి చేరారు. ఆయన స్ఫూర్తిని తీసుకోవచ్చు. ఆయన రూట్ మ్యాప్‌ను మాత్రం అలాగే దించుకోలేం. ఏ సరిహద్దు తెరిచి ఉందో ప్రతి తరం కొత్తగా తెలుసుకోవాల్సిందే.

అన్నీ తీసేస్తే, తొలి యాత్రకు సొంత బండితో నేరుగా వెళ్లగలిగేవి నేపాల్, భూటాన్. రెండు చోట్లా భారతీయులకు వీసా అక్కర్లేదు. రెండు చోట్లా బండి నడిపేది ఎడమ వైపే. మన బండికి కావాల్సిన విడిభాగాలు కూడా చాలావరకు దొరుకుతాయి.

నేపాల్‌: 'భన్సార్' అంటే ఏమిటి?

నేపాలీలో భన్సార్ అంటే కస్టమ్స్. సరిహద్దులో ఆ కార్యాలయానికి వెళ్లి, ఎన్ని రోజులు ఉంటారో చెప్పి, రోజుకు ఇంత చొప్పున ముందే రుసుము కట్టి రసీదు తీసుకోవాలి. మార్గ అనుమతి కూడా తీసుకోవాల్సి ఉంటుంది. భారత రిజిస్ట్రేషన్ ఉన్న సొంత వాహనానికి ఏడాదికి 30 రోజుల పరిమితి ఉంది.

సరిహద్దు దాటగానే రోడ్డు పక్కన పెద్ద గేటేమీ కనిపించకపోవచ్చు. జనంతోపాటు బండి కూడా ముందుకు సాగిపోవచ్చు. అలా భన్సార్ కట్టకుండానే వెళ్లిపోయి, వంద కిలోమీటర్ల తర్వాత పోలీసులు ఆపితే బండిని స్వాధీనం చేసుకోవచ్చు, పెద్ద జరిమానా వేయవచ్చు. కాబట్టి సరిహద్దు దగ్గర తొందరపడకూడదు. ఆ రోజు ప్రయాణాన్ని సగానికి తగ్గించుకోవాలి.

రోజులు లెక్కగట్టేటప్పుడు రెండు రోజులు అదనంగా కట్టడం మంచిది. కొండచరియలు విరిగిపడి దారి మూసుకుపోతే గడువు దాటిపోతుంది. ఆ జరిమానాతో పోలిస్తే ముందు కట్టే రెండు రోజుల రుసుము తక్కువే.

గుర్తింపు కోసం పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చెల్లదు. ఈ ఒక్క విషయం తెలియక వెనక్కి తిరగాల్సి వచ్చే ప్రమాదం ఉంది.

తెలుగు రాష్ట్రాల వాళ్లు గుర్తుంచుకోవాల్సిన మరో సంగతి ఉంది. ఆర్సీ, లైసెన్సు ఫోన్‌లోని ఎం-వాలెట్‌లోనో, డిజిలాకర్‌లోనో చూపించడం ఇక్కడ అలవాటు. భారత్‌లో అది చెల్లుతుంది. సరిహద్దు అవతల మాత్రం అసలు కార్డులు చేతిలో ఉండాలి. బండి ఇతరుల పేరు మీద ఉంటే యజమాని రాసిచ్చిన అనుమతి పత్రం, ఆయన గుర్తింపు కార్డు నకలు వెంట ఉంచుకోవాలి. తొలి యాత్రకైతే తన పేరు మీదున్న బండితోనే వెళ్లడం ఉత్తమం.

భూటాన్‌: ఖర్చు రాత్రుల లెక్కన

పశ్చిమ బెంగాల్‌లోని జైగావ్ నుంచి ఫుంట్‌షోలింగ్‌లోకి ప్రవేశించడం ఎక్కువమంది ఎంచుకునే దారి. ఇక్కడా పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు చూపి ప్రవేశ అనుమతి తీసుకోవాలి. బండికి వేరే అనుమతి ఉంటుంది.

2022 సెప్టెంబరు నుంచి భారతీయ పర్యాటకులు ఒక్కొక్కరు రాత్రికి 1,200 రూపాయల చొప్పున సుస్థిర అభివృద్ధి రుసుము కట్టాలి. ఇద్దరు ఏడు రాత్రులు ఉంటే ఈ ఒక్క పద్దుకే 16,800 రూపాయలు. గది, భోజనం, పెట్రోలు వేరు. నేపాల్ బడ్జెట్‌ను పట్టుకుని భూటాన్ వెళ్లాలనుకునేవారు తడబడేది ఇక్కడే. గైడ్, బస, వాహన రుసుము వంటి నిబంధనలను బయలుదేరే ముందు అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి. పాత యాత్రికుల వీడియోలను నమ్ముకోకూడదు.

దూర దేశాలైతే 'కార్నెట్'

నేపాల్, భూటాన్‌లు దాటి ఇరాన్, ఆస్ట్రేలియా వంటి దేశాలకు సొంత బండిని తీసుకెళ్లాలంటే కార్నెట్ అనే పత్రం కావాలి. దీన్ని బండి పాస్‌పోర్టు అంటుంటారు. నిజానికి అది పూచీకత్తు పత్రం. భారత్‌లో ముంబయిలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ వంటి సంస్థలు దీన్ని ఇస్తాయి. గడువు ఏడాది.

కార్నెట్ కోసం బండి విలువ, వెళ్లే దేశాలను బట్టి బ్యాంకు గ్యారంటీ గానీ, డిపాజిట్ గానీ కట్టాలి. ప్రతి పేజీలో ప్రవేశానికి ఒక భాగం, నిష్క్రమణకు ఒక భాగం ఉంటాయి. దేశంలోకి వెళ్లేటప్పుడు ఒక ముద్ర, బయటకు వచ్చేటప్పుడు మరో ముద్ర పడాలి. నిష్క్రమణ ముద్ర లేకపోతే బండిని అక్కడే అమ్ముకున్నారని ఆ దేశ కస్టమ్స్ భావించి సుంకం అడగవచ్చు. అప్పుడు పోయేది ఆ డిపాజిట్టే. అర్ధరాత్రి సరిహద్దులో సిబ్బంది "ఫర్వాలేదు, వెళ్లండి" అన్నా ముద్ర పడేదాకా కదలకూడదు.

బండిపై ఫైనాన్స్ బాకీ ఉంటే అప్పిచ్చిన సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. అది రావడానికే వారాలు పట్టవచ్చు.

అద్దె బైకు సులువా?

థాయ్‌లాండ్, వియత్నాం వంటి చోట్లకు విమానంలో వెళ్లి బైకు అద్దెకు తీసుకోవడం చాలామంది తొలి ఆలోచన. బండి దిగుమతి గొడవ దీనితో తప్పుతుంది. కానీ లైసెన్సు గొడవ మొదలవుతుంది.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను ఆర్టీఏ కార్యాలయం ఇస్తుంది. పాస్‌పోర్టు, లైసెన్సు ఉండాలి. గడువు ఏడాది. ఇందులో బైకులకు వేరే విభాగం ఉంటుంది. కారుకు మాత్రమే ముద్ర వేసి ఇస్తే అది బైకుకు పనికిరాదు. పర్మిట్ చేతికి రాగానే ఆ పేజీ చూసుకోవాలి.

భారత్ ఇచ్చేది 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఇచ్చే పర్మిట్. థాయ్‌లాండ్ దాన్ని గుర్తిస్తుంది. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్లను. అక్కడ అద్దె దుకాణం పర్మిట్ అడగకుండానే తాళం చేతిలో పెట్టవచ్చు. ఆ తాళం ఇచ్చినంత మాత్రాన లైసెన్సు ఉన్నట్టు కాదు. ప్రమాదం జరిగితే 'చెల్లుబాటయ్యే లైసెన్సు లేదు' అని బీమా సంస్థ చెల్లింపు నిరాకరించవచ్చు. ఆసుపత్రి బిల్లు మొత్తం సొంత జేబులోంచే కట్టాల్సి రావచ్చు.

బీమా ఎక్కడిదాకా?

మామూలు వాహన బీమా భారత సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్, మాల్దీవులకు దాన్ని పొడిగించే వెసులుబాటు భారత మోటారు బీమాలో ఉంది. కొద్దిపాటి అదనపు ప్రీమియం కట్టి 'భౌగోళిక పరిధి పొడిగింపు' అడగాలి. ఆన్‌లైన్‌లో పాలసీ కొన్నప్పుడు ఈ ఆప్షన్ కనిపించకపోవచ్చు. బీమా సంస్థకు మెయిల్ రాసి, పొడిగింపు పత్రాన్ని లిఖితపూర్వకంగా తీసుకోవాలి. బండిని ఓడలోనో, విమానంలోనో తరలించేటప్పుడు జరిగే నష్టం ఇందులోకి రాదు.

మనిషి బీమా వేరే ఉండాలి. ప్రయాణ బీమా తీసుకునే ముందు మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు అడగాలి. బైకు నడుపుతూ గాయపడితే వర్తిస్తుందా? ఇంజిన్ సామర్థ్యంపై పరిమితి ఉందా? కొండ ప్రాంతం నుంచి హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలిస్తే ఖర్చు ఎవరిది? ఈ మూడింటిలో ఒక్కదానికి అనుకూలమైన జవాబు రాకపోయినా ఆ పాలసీని పక్కన పెట్టాలి.

ఎప్పుడు వెళ్లాలి?

2024 జులై 12 తెల్లవారుజామున నేపాల్‌లోని నారాయణ్‌ఘాట్-ముగ్లింగ్ రోడ్డుపై కొండచరియ విరిగిపడి, 60 మందికి పైగా ప్రయాణికులతో వెళ్తున్న రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. తరాయి మైదానం నుంచి కాఠ్‌మాండూ వెళ్లే ప్రధాన దారుల్లో అదొకటి. మన యాత్రికులు కూడా తరచూ వెళ్లే రోడ్డే.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు నేపాల్, భూటాన్ కొండల్లో తొలి యాత్ర పెట్టుకోకూడదు. అక్టోబరు-నవంబరు, మార్చి-ఏప్రిల్ నెలలు అనువైనవి. అప్పుడు కూడా కొండల్లో చీకటి పడ్డాక బండి నడపకూడదు. పొద్దున ఆరింటికి బయలుదేరి, మధ్యాహ్నం మూడింటికల్లా గది వెతుక్కునే అలవాటు చేసుకోవాలి.

దూరాల లెక్క కూడా మారుతుంది. నాగ్‌పుర్ హైవేపై రోజుకు 450 కిలోమీటర్లు వెళ్లిన వ్యక్తి, కొండదారిలో 150 కిలోమీటర్లకే అలసిపోవచ్చు.

తెలుగువాళ్లు ఎక్కువగా వెళ్లాలనుకునే ముక్తినాథ్ సుమారు 3,700 మీటర్ల ఎత్తులో ఉంది. పోఖరా ఎత్తు దాదాపు 800 మీటర్లే. ఒక్కరోజులో పైకెళ్లి అక్కడే పడుకుంటే తలనొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు. మధ్యలో జోమ్‌సోమ్ వంటి చోట ఒకటి, రెండు రాత్రులు ఆగాలి. లక్షణాలు ఎక్కువైతే మందుల కోసం చూడకుండా కిందికి దిగిపోవడమే అసలైన చికిత్స. అన్నపూర్ణ సంరక్షిత ప్రాంతంలో అడుగుపెట్టడానికి వేరే అనుమతి ఉంటుంది. సార్క్ దేశాల పౌరులకు దాని రుసుము తక్కువ.

ఇక బండి సంగతి

తొలి యాత్రకు కొత్త బండి కొనాల్సిన అవసరం లేదు. రోజూ నడిపే 150 నుంచి 350 సీసీ బండి చాలు. దాని శబ్దంలో తేడా వస్తే నడిపేవారికి వెంటనే తెలుస్తుంది. అంతకు మించిన సాధనం లేదు.

పెద్ద సర్వీసు బయలుదేరే ముందు రోజు చేయించకూడదు. మూడు వారాల ముందు చేయించి, ఆ తర్వాత కనీసం 500 కిలోమీటర్లు నడపాలి. సరిగ్గా బిగించని నట్టు, కారే ఆయిల్ సీలు అప్పుడే బయటపడతాయి. శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు ఘాట్‌లోనో పూర్తి సామానుతో రెండు రోజులు తిరిగి వస్తే బరువుతో బండి మలుపుల్లో ఎలా వంగుతుందో, బ్రేకు ఎంత దూరంలో పడుతుందో అర్థమవుతుంది.

వెంట ఉండాల్సినవి తక్కువే. క్లచ్ కేబుల్, స్పార్క్ ప్లగ్, ఫ్యూజులు, బ్రేకు, క్లచ్ లీవర్లు, చైన్ లూబ్, పంక్చర్ కిట్, చేతి పంపు. స్పోకు చక్రాలైతే అదనపు ట్యూబు. వాటిని వాడటం ఇంటి దగ్గరే ఒకసారి నేర్చుకోవాలి. చక్రం ఊడదీయడం రాని వ్యక్తి దగ్గర ట్యూబు ఉన్నా లేకపోయినా ఒకటే.

సామాను బరువు వెనక పైభాగంలో కాకుండా రెండు పక్కలా, కిందికి ఉండాలి. పాస్‌పోర్టు, ఆర్సీ, భన్సార్ రసీదు మాత్రం బండి సంచిలో కాకుండా ఒంటిమీద ఉండాలి. బండి పోయినా కాగితాలు మిగలాలి.

డబ్బు, ఫోను

నేపాల్‌లో 100 భారత రూపాయలకు 160 నేపాలీ రూపాయలు. ఈ మారకం రేటు ఏళ్ల తరబడి స్థిరంగా ఉంది. భూటాన్ నుల్‌ట్రమ్ విలువ మన రూపాయితో సమానం. నేపాల్‌లో మన పెద్ద నోట్లపై నిబంధనలు పలుమార్లు మారాయి కాబట్టి 100 రూపాయల నోట్లు ఎక్కువగా తీసుకెళ్లడం మేలు. రెండు దేశాల్లోనూ యూపీఐతో చెల్లించే వెసులుబాటు వచ్చింది. అయితే సిగ్నల్ లేని కొండ ఊళ్లో అది పనిచేయదు. రెండు రోజుల ఖర్చుకు సరిపడా నగదు ఎప్పుడూ ఉండాలి.

స్థానిక సిమ్ తీసుకోవాలి. మ్యాపులను ముందే ఫోన్‌లోకి దించుకోవాలి. నేపాల్‌లో పోలీసు నంబరు 100, అంబులెన్సు 102. భూటాన్‌లో అంబులెన్సు 112, పోలీసు 113. రోజూ రాత్రి ఎక్కడున్నదీ ఇంట్లో ఒకరికి తెలియజేయడం, వాళ్ల దగ్గర అన్ని కాగితాల నకళ్లు ఉంచడం తప్పనిసరి.

అనుకోనిది జరిగితే?

2025 సెప్టెంబరు 8, 9 తేదీల్లో నేపాల్‌లో యువత ఆందోళనలు హింసాత్మకమయ్యాయి. ప్రభుత్వం పడిపోయింది. కాఠ్‌మాండూ విమానాశ్రయం మూతపడింది. యాత్రలకు వెళ్లిన తెలుగువారు హోటళ్లలో చిక్కుకుపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం ఏర్పాటు చేసి కొందరిని స్వరాష్ట్రానికి తీసుకొచ్చింది.

విమానం మనుషులను తీసుకొస్తుంది. బండిని తీసుకురాదు. అది భన్సార్ రికార్డులో ఆ యజమాని పేరు మీదే ఉంటుంది. అటువంటి రోజు వస్తే ఏం చేయాలో బయలుదేరక ముందే తేల్చుకోవాలి. బండిని ఎక్కడ భద్రపరచాలి, ఏ రోజు వరకు గడువుంది, భారత రాయబార కార్యాలయం నంబరు ఏమిటి, దగ్గరలో మరో సరిహద్దు ఎక్కడుంది అన్నవి ఒక కాగితం మీద రాసుకుని ఉండాలి. ప్రాణమా, బండా అన్న పరిస్థితి వస్తే బండిని వదిలేయాలన్న నిర్ణయం కూడా ఇంటి దగ్గరే జరిగిపోవాలి. అక్కడ, గొడవ మధ్యలో, ఆ నిర్ణయం తీసుకోవడం కష్టం.

ఎప్పుడు ఏం చేయాలి?

నాలుగు నెలల ముందు: దేశం, నెల ఖరారు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోవడం. బండి అప్పు ఉంటే నిరభ్యంతర పత్రం కోసం దరఖాస్తు.

రెండు నెలల ముందు: వాహన బీమా పొడిగింపు, ప్రయాణ బీమా, అవసరమైతే అంతర్జాతీయ పర్మిట్. సామానుతో తొలి ఘాట్ ప్రయాణం.

మూడు వారాల ముందు: పెద్ద సర్వీసు, టైర్లు, చైన్. దంతాల నొప్పి, కళ్లద్దాల నంబరు వంటివి కూడా ఇప్పుడే చూపించుకోవాలి.

ఆఖరి వారం: సరిహద్దు పరిస్థితిపై తాజా సమాచారం, కాగితాల నకళ్లు, ఇంట్లో వాళ్లకు రూటు వివరాలు. కొత్తగా ఏమీ కొనకూడదు, బండికి కొత్తగా ఏమీ బిగించకూడదు.

తిరుగు ప్రయాణంలో సరిహద్దు దాటేటప్పుడు భన్సార్ రసీదు చూపించి బండి వెళ్లిపోయినట్టు నమోదు చేయించుకోవాలి. ఇంటికెళ్లే తొందరలో చాలామంది వదిలేసేది ఈ చివరి ముద్రనే. మరో ఏడాది అదే బండితో అదే గేటు దగ్గరికి వెళ్లినప్పుడు సిబ్బంది చూసేది కూడా దాన్నే.